నిద్రపోయే పిల్లను తీసుకోని మల్లమ్మత్త

నిన్న పొద్దున ఒకామె నిద్రపోతున్న కొడుకును నా చేతుల్లో పెట్టబోతుంటే, వాడి నోటి దగ్గర దగ్గుమందు వాసన గుప్పుమంది. "లేపి ఇవ్వమ్మా" అన్నాను. ఆమె మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ. పిల్లలను చూసుకునే ఈ పనిలో నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఆ గుణం మల్లమ్మత్త పెట్టిన భిక్ష.

నిజాం కాలంలో, శాలిబండలో మా వెనక గల్లీలో ఉండేది ఆమె. కూలికి పోయే ఆడవాళ్లు పిల్లలను ఆమె ఇంట్లో దింపేవాళ్లు. పిల్లలు ఏడవకుండా నల్లమందు నాకించడం అప్పట్లో మామూలే. అందుకే అత్త గడపలోనే ప్రతి పిల్ల నోరూ వాసన చూసేది. నిద్రపోయే పిల్లను లోపలికి రానిచ్చేది కాదు. సాయంత్రం తల్లులు కూడా అలాగే వాసన చూసుకుని తీసుకుపోయేవాళ్లు. ఆమె వాళ్లను నమ్మదు, వాళ్లు ఆమెను నమ్మరు. ఇల్లు మాత్రం చక్కగా నడిచేది.

ఇంతలో, పరాయి పిల్లలను ఇంట్లో ఉంచుకోవాలంటే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి కాగితం, కావాలన్నారు. తనిఖీ చేసే దారోగా వచ్చి, ఇంటినీ పిల్లలనూ చూసి సంతకం పెట్టాలి. లేకపోతే మూసుకోవడమే. మగదిక్కు లేని అత్తకు ఆ పనొక్కటే బతుకుతెరువు.

ఆయన వస్తానన్న రోజే మా అమ్మకు ఆలస్యమైంది. నిద్రపోతున్న తమ్ముణ్ణి అత్త చేతిలో పెట్టి, నన్ను వాడికి తోడుగా వదిలి, అఫ్జల్‌గంజ్‌లో పప్పులు చెరిగే పనికి పరుగెత్తింది. అత్త వాడి నోరు వాసన చూసింది. బెల్లం వాసన. ఆ బెల్లంలో అమ్మ ఏం కలిపిందో ఎనిమిదేళ్ల నేను కళ్లారా చూశాను.

"ఏం బిడ్డా, మీయమ్మ ఏమన్న నాకిచ్చిందా?"

"లేదత్తా. రాత్రంతా ఏడ్సిండు, గందుకే పండిండు."

అమ్మను తిడుతుందని నా భయం. అత్త నా మొహంలోకి కాసేపు చూసింది. "నువ్వు చెప్తున్నవ్ గద, సరే" అంది. ఎవరినీ నమ్మని మనిషి నన్ను నమ్మింది.

దారోగా వచ్చి పిల్లలందరినీ లేపమన్నాడు. తమ్ముడు లేవలేదు. వాడి కనురెప్ప ఎత్తి చూసి, "క్యా ఖిలాయా ఇసే?" అని గద్దించాడు.

"నేనేం పెట్టలే సాబ్, ఒట్టు!"

వాకిట్లో మూగిన జనం కూడా ఆమె మాట నమ్మలేదు. అత్త నావైపు ఒక్కసారి చూసింది. నేను తలుపు చాటుకు జరిగాను. దారోగా సంతకం పెట్టకుండానే వెళ్లిపోయాడు. ఆమె మాత్రం తమ్ముడికి ఉప్పునీళ్లు తాగించి కక్కించి, వాడు కళ్లు తెరిచేదాకా అరికాళ్లు రుద్దుతూనే ఉంది.

వారం తిరగకుండా ఇల్లు ఖాళీ చేసి, మలక్‌పేటలో ఎవరింట్లోనో అంట్లు తోమడానికి కుదిరిందట. మా గడపకు వచ్చి ఒక్క మాటా అనలేదు. తమ్ముడు బతికాడు, వాడికిప్పుడు మనవలు. అమ్మ నోరు విప్పకుండానే పోయింది. నేను విప్పడం ఇదే మొదలు, సిగ్గుతోనే చెబుతున్నాను.

ఇవాళ నా గోడకు సర్కారు ముద్రున్న కాగితం వేలాడుతోంది. గడపలో ప్రతి పిల్ల నోరూ నేనే వాసన చూస్తాను, కళ్లు తెరిపించి తీసుకుంటాను. పిల్లకు తోడుగా వచ్చి పక్కన నిలబడ్డ అక్కను మాత్రం ఏమీ అడగను.