విదేశీ బట్ట కాల్చిన చేతులు

కొవిడ్ వార్డులన్నీ మూతపడిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను కాలిన గాయాల వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. సూరత్‌లోని ఒక ప్రభుత్వాసుపత్రి అది. పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ వార్డు ఎవరూ కోరి తీసుకునేది కాదు. వాసన తట్టుకోలేక కొత్త నర్సులు నెల తిరక్కుండానే బదిలీ అర్జీ పట్టుకుని మేట్రన్ గది ముందు నిలబడేవారు. నేను నిలబడలేదు. దాన్ని ధైర్యం అనుకోవద్దు, ఉత్త మొండితనం.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లోనే ఉధ్నా పేటలో సాంచాలు నడిపాడు. సాంచా అంటే మావాళ్ల మాటలో మరమగ్గం. నేను పుట్టి పెరిగింది ఆ చప్పుడులోనే. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. తెలంగాణ పేషెంటు ఎవరొచ్చినా డాక్టర్లు నన్నే పిలిచేవారు. నొప్పిని ఎవరైనా తమ భాషలోనే సరిగా చెప్పగలరు.

ఆ దీపావళికి ముందు సంగతి. పండగ దగ్గర పడితే బాణసంచా కేసులు వస్తాయని మేం ముందే మంచాలు ఖాళీ చేయించి, డ్రెస్సింగ్ సామాను ఆవిరి యంత్రంలో శుద్ధి చేయించి పెట్టుకుంటాం. ఆ హడావుడిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆటోలో ఒక మనిషిని తెచ్చారు. పేరు రాజమల్లు, నలభై దాటినవాడు, సిరిసిల్ల పక్క పల్లె. ఉధ్నాలో ఒక ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, కారిగర్, మగ్గం నడిపే పనివాడు. రెండు చేతులూ ముందుకు చాపి, బిచ్చం అడిగేవాడిలా నడిచి వచ్చాడు. అరచేతుల నిండా తెల్లగా టూత్‌పేస్టు పూసి ఉంది.

"పళ్లు తోముకోవడానికి తెచ్చిండ్రా, ఆసుపత్రికి తెచ్చిండ్రా?" అని వెంట వచ్చినవాళ్ల మీద విరుచుకుపడ్డాను. టూత్‌పేస్టు తర్వాత సంగతి. అంతకంటే పెద్ద పొరపాటు అప్పటికే చేశారు. చేతికి అంటుకున్న కాలే బట్టను పట్టి లాగేశారు. పాలిస్టర్ నూలుబట్టలా కాలి బూడిద కాదు. కరుగుతుంది, కరిగి చర్మానికి పట్టుకుంటుంది. చల్లటి నీళ్ల ధార కింద పెట్టి వదిలేయాలి. లాగితే బట్టతోపాటు చర్మం వస్తుంది. రాజమల్లు కుడి అరచేతిలో అదే జరిగింది.

ఆ రోజు నగరంలో మగ్గాల బంద్. మగ్గాల యజమానులైన సేఠ్‌లు, కారిగర్లు కలిసి ఊరేగింపు తీశారు. వాళ్లు కలిసి నడవడం నేను చూసింది తక్కువ. విదేశాల నుంచి వచ్చే బట్ట ఇక్కడి దారం ఖరీదు కన్నా చౌకగా మార్కెట్లో పడుతోందని, దాని మీద పన్ను వేయాలని వాళ్ల డిమాండు. చివర్లో విదేశీ బట్టల దహనం. ప్రతి ఖాతా నుంచి ఒక ముక్కైనా తేవాలని చెప్పారట.

కాలిన కేసు ఏదైనా పోలీసులకు తెలియజేయాలి. అందుకు పేషెంటు నోటి నుంచే ఎలా కాలిందో రాసుకుంటాం. వెంట వచ్చినవాడొకడు, స్టవ్ మీద పడ్డాడని రాయమని నా చెవిలో గొణిగాడు. రాజమల్లు విన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు రాయి అక్కా. కపడా కాలవెట్టిన. చోరీ జేసిన్నా ఏంది?" అన్నాడు.

అలాగే రాశాను.

శరీరం ఎంత కాలిందో లెక్కగట్టడానికి మాకొక కొలత ఉంది. పేషెంటు అరచేయి, వేళ్లతో సహా, ఒంట్లో నూటికి ఒక వంతు. రాజమల్లుకు కాలింది రెండు అరచేతులు. కాగితం మీద అది చాలా చిన్న గాయం. సర్జన్ మాత్రం దాన్ని పెద్ద కేసుల వరసలో పెట్టి, ఈ మనిషి ఏం పని చేస్తాడని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన పెదవి విరిచాడు.

రాజమల్లు అడిగింది కూడా ఒక్కటే. అన్నం అడగలేదు, ఎన్ని రోజులుండాలని అడగలేదు. "మళ్ల ముడెయ్యొస్తదా అక్కా?"

సాంచాల మధ్య పెరిగినదాన్ని, ఆ ప్రశ్న నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మగ్గం మీద పోగు తెగితే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి రెప్పపాటులో ముడి వేయాలి. ఆ మూడు వేళ్లు లేని కారిగర్‌ను ఏ ఖాతాలోనూ గేటు దాటనివ్వరు. చూద్దాం అన్నాను. నర్సులు ఎక్కువగా వాడే మాట అదే.

డ్రెస్సింగుకు అరగంట ముందు నొప్పి ఇంజెక్షను ఇస్తాం. తర్వాత పాత కట్టును సెలైన్‌తో బాగా నానబెట్టి, కరిగి గట్టిపడిన పాలిస్టర్ పెచ్చు ఎక్కడ తనంత తాను వదులైతే అక్కడ మాత్రమే ఫోర్సెప్స్‌తో తీస్తాం. రెండో డ్రెస్సింగులో ఆ పెచ్చులోంచి ఏదో తళుక్కుమంది. తీసి చూస్తే అద్దపు రాయి, ఆవగింజంత. పక్కనే ఇంకొకటి. చీరల మీద, డ్రెస్సుల మీద అతికించే రాళ్లు.

"నీ మగ్గం మీద రాళ్లు గూడ నేస్తున్నరా ఇప్పుడు?" అని నవ్వించబోయాను. అతను నవ్వలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"భాగ్యకు జెప్పకు అక్కా."

భాగ్య అతని భార్య. నవాగామ్‌లో ఒక్క గది ఇల్లు. ఆ గల్లీలో ఆడవాళ్లంతా ఇంట్లో కూర్చుని స్టోన్ పని చేస్తారు. ఏజెంటు ఒకామె బట్టల మూటలు, రాళ్లు, జిగురు తెచ్చి ఇస్తుంది. అతికించి ఇస్తే పట్టుకుపోతుంది. ఆ మూటల్లో వచ్చేది చాలావరకు విదేశీ బట్టే. అందులోంచి ఒక డ్రెస్సు ముక్కను రాజమల్లు, భార్యకు చెప్పకుండా, చొక్కా లోపల పెట్టుకుని ఊరేగింపుకు పోయాడు.

బట్ట సంగతి అతనికి తెలుసు. పోగు కొసల్ని లైటరుతో కాల్చడం మగ్గాల వాళ్లకు రోజువారీ పని. కొస ముడుచుకుని చిన్న పూసలా అవుతుంది. వేళ్లతో నలిపితే ఆరిపోతుంది. ఈ ముక్కా అలాగే మెల్లగా ముడుచుకుంటుందని రెండు చేతుల మీదా పరిచి చాపాడు. పక్కవాడు అంచుకు లైటరు పెట్టాడు. కానీ భాగ్య ముందురోజు దాని మీద జిగురు రాసింది, లోపల అది ఇంకా పూర్తిగా ఆరలేదు, పచ్చిగా ఉంటే ఆ జిగురు పెట్రోలులా మండుతుంది. భగ్గుమంది. అలవాటుకొద్దీ నలిపి ఆర్పుదామని రాజమల్లు పిడికిళ్లు బిగించాడు.

బట్ట గురించి అతనికి తెలియనిది లేదు. భార్య జిగురు గురించే ఏమీ తెలియదు. ఎన్నో ఏళ్లుగా ఆ డబ్బా అతని మంచం కిందే ఉంది.

ఆ వారం రాజమల్లు ఖాతా సేఠ్ చూడ్డానికి వచ్చాడు. మర్యాదస్తుడే. పళ్లు తెచ్చాడు, మందులేమైనా బయట కొనాలా అని అడిగాడు. భాగ్య అతన్ని హిందీలో నిలదీసింది, బయటి బట్ట బంద్ చేయమంటున్నారు, మీ మగ్గాలకు బయటి దారం ఎందుకు తెప్పిస్తున్నారని. సేఠ్ కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాడు. బయటి దారం మీద పన్ను వేస్తే ఇక్కడ దారం తీసే పెద్ద మిల్లులకే లాభం, తమకు నేత గిట్టదు. కాబట్టి దారం ఏ అడ్డూ లేకుండా రావాలి, బట్ట మాత్రం రాకూడదు. బట్ట వస్తే ఖాతాలో సగం మగ్గాలు ఆగుతాయి, ఇప్పటికే ఆగాయి, రాజమల్లు నడిపేవి కూడా వారంలో సగం రోజులు ఆగే ఉంటున్నాయి.

"మరి బట్ట రాకుంటే మా గల్లీల ఆడోళ్లం ఏం జేయాలె?" అని భాగ్య తెలుగులో నన్ను అడిగింది. నేను హిందీలోకి మార్చి చెప్పాను. సేఠ్, ఇక్కడి బట్ట మీదే రాళ్లు అతికించుకోవచ్చు కదా అన్నాడు. ఇక్కడి బట్ట ఆ నునుపుకు రాదని, వ్యాపారి తీసుకోడని ఆమె అంది. అతను గడియారం చూసుకుని లేచాడు. సేఠ్ అబద్ధం చెప్పాడని నేను అనను. తనకు కావలసినదానికి తలుపు తీయాలనీ, తనతో పోటీకి వచ్చేదానికి మూయాలనీ అతని వాదం. మిల్లు వాళ్లదీ, భాగ్యదీ అదే వాదం. తలుపే వేరు.

రాళ్ల సంగతి నేను చెప్పలేదు. పేషెంటు చెప్పవద్దన్నది బయట చెప్పకపోవడం మా వృత్తి నియమం. కానీ డ్రెస్సింగు గదిలో స్టీలు పళ్లెం నా చేతిలో ఉండగానే భాగ్య అన్నం డబ్బాతో లోపలికి వచ్చింది. రావద్దని చెప్పేలోపే పళ్లెంలోకి చూసింది. తన చేత్తో అతికించిన రాళ్లు ఆమె గుర్తుపట్టకుండా ఉంటుందా?

అన్నం డబ్బా కింద పెట్టింది. ఒక ముక్క తక్కువొచ్చిందని ఏజెంటు ఆమెకే కాదు, గల్లీ మొత్తానికి పని ఆపేసిందని నాకు అప్పటిదాకా తెలియదు.

"రేణుకను దొంగదన్న గదయ్యా," అంది మొగుడితో. రేణుక పక్కింటామె. "నలుగురిల అన్న. ఆమె పిల్లల మీద ఒట్టు వెట్టుకున్నది."

రాజమల్లు కళ్లు మూసుకుని ఉన్నాడు. నొప్పికి అనుకున్నాను. కాదు.

"నన్ను పని లేకుంట ఇంట్ల కూసోవెట్టిన కపడా అది," అన్నాడు. "మైల పడ్తదని దాన్ని మంచమ్మీద పండవెడ్తివి. నేను నేల మీద పండుకున్న."

"గా కపడానే గద నీకు ఇన్ని దినాలు బువ్వ వెట్టింది?"

నా చేతిలో ఫోర్సెప్స్ అలాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ వార్డులో అంతకంటే ఘోరమైనవి చూశాను, ఒళ్లంతా కాలి బతకనివాళ్లను చూశాను, అప్పుడు రాలేదు. ఇద్దరిలో ఎవరిని తప్పు పట్టాలో తెలిస్తే కొంత నయంగా ఉండేదేమో. గాయం తెరిచి ఉంచకూడదు కాబట్టి కట్టు పూర్తి చేశాను.

భాగ్య ఆ మర్నాడు రాలేదు. గల్లీలో అందరి ముందూ నిలబడి, దొంగ తన మొగుడేనని చెప్పి రేణుక కాళ్లు పట్టుకుందని తర్వాత తెలిసింది. ఏజెంటు గల్లీకి మళ్లీ మూటలు పంపింది. రేణుక మాత్రం ఆ ఇంటి వైపు చూడడం మానేసింది.

సర్జన్ తొడ మీది చర్మం తీసి రెండు అరచేతులకూ అతికించాడు. ఎడమ చేతిలో చర్మం పట్టుకుంది. కుడిచేతిలో చర్మం కొంత పట్టి, కొంత ఊడిపోయింది. అరచేతి గాయం మానేటప్పుడు చర్మం బిగుసుకుని వేళ్లను లోపలికి లాగుతుంది. అందుకే చెయ్యి విప్పి ఉండేలా చెక్కబద్ద కడతాం, వ్యాయామం చేయిస్తాం. రాజమల్లు ఒక్క పూట కూడా తప్పలేదు. వ్యాయామం చేయించే అమ్మాయి అతని చేతికి దారపు ముక్క ఇచ్చి ముడి వేయమనేది. పళ్లు బిగబట్టి ప్రయత్నించేవాడు. బొటనవేలు చూపుడువేలిని తాకేది కాదు. దారం జారి కింద పడేది, వంగి మళ్లీ తీసుకునేవాడు. కొన్నాళ్లకు ఆ అమ్మాయే దారం ఇవ్వడం మానేసింది.

అతని మగ్గాలు ఎవరికో ఇచ్చేశారని డిశ్చార్జికి ముందే కబురు వచ్చింది. సేఠ్ మళ్లీ రాలేదు.

ఎండాకాలంలో ఔట్‌పేషెంటుకు వచ్చినప్పుడు కుడిచేతి మూడు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. రెండో ఆపరేషను గురించి సర్జన్ చెబితే తలూపాడు గాని, ఎప్పుడు చేరతావంటే చీటీ జేబులో పెట్టుకుని లేచాడు. ఎడమ చూపుడువేలి కొస మెరుస్తోంది. పుండేమోనని పట్టుకుని చూశాను. ఎండిపోయిన జిగురు.

"ఏం పని జేస్తున్నవ్?"

"ముడెయ్యాలంటే రెండు చేతులు గావాలె," అన్నాడు. "ఆమె జిగురు వెట్టి రాయి ఏస్తది. నేను అదుముత. ఒక్క వేలు చాలు దీనికి."

ఏ బట్ట అని నేను అడగలేదు. అతనే చెప్పాడు, అదే విదేశీ బట్ట అని.

మళ్లీ ఊరేగింపు ఉందని, కమిటీ వాళ్లు ఇంటికి వచ్చి తనను ముందు వరసలో కూర్చోమన్నారని కూడా చెప్పాడు. చేతులు జనానికి చూపిస్తే చాలు, మాట్లాడక్కర్లేదన్నారట. పోతున్నావా అని అడిగాను.

"ఎట్ల వోత అక్కా? ఆ దినమే ఏజెంటుకు మాల్ ఇయ్యాలె."

ఆ తర్వాత విదేశీ బట్ట మీద పన్నుల గురించి పేపర్లో ఏవేవో చదివాను. అవి ఎవరికి మేలు చేశాయో చెప్పగల చదువు నాది కాదు. వార్డులో మాత్రం రెండు సంగతులు మార్చాను. కాలిన బట్టను లాగవద్దని మూడు భాషల్లో బోర్డు రాయించి క్యాజువాలిటీ గుమ్మంలో పెట్టించాను. కేసు రాసుకునేటప్పుడు ఏం కాలింది, ఎలా కాలింది అనే ప్రశ్నల తర్వాత, ఇంట్లో మిగతావాళ్లు ఏం పని చేస్తారని కూడా అడగడం మా నర్సులకు నేర్పాను. విదేశీ బట్ట రావాలా, వద్దా అని ఇప్పుడు ఎవరైనా నన్ను వాదనకు పిలిస్తే, ముందు వాళ్లను ఆ చివరి ప్రశ్నే అడుగుతాను.