సింహాచలానికి నేను వేసిన మార్కులు

ఆ ఎడారి స్థావరంలో నేను దిగింది మే నెలలో, పగలు పదకొండూ ఇరవైకి. విమానం మెట్ల కమ్మీ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఎటు చూసినా ఇసుక, తుప్పలు, ముళ్లకంచె. గజపతినగరం పొలాల్లో పెరిగినవాణ్ణి, ఇదేం ఖర్మరా అనుకున్నాను.

సరిహద్దులో కాల్పులు మొదలై అప్పటికి పది రోజులు. నాకిచ్చిన ఆర్డరు ఒక్కటే. హెలికాప్టర్ తలుపు దగ్గర మెషిన్ గన్ పేల్చే గన్నర్లను మూడు వారాల్లో తయారుచెయ్యాలి. వచ్చిన ఎనిమిదిమందిలో ఆరుగురిని ఏరాలి. మిగిలిన ఇద్దరూ కింద మందుగుండు మోస్తారు.

ఆ ఎనిమిదిమందిలో ఒకడు సింహాచలం. పొందూరు పక్క పల్లె. ఇరవై నాలుగేళ్లు. మొదటిరోజే నా యాస పట్టేశాడు.

"సార్, మీది ఇజీనారం పక్కేనేటి?"

"గజపతినగరం. నోరు మూసుకుని బెల్టు కట్టుకో."

"అలాగే మావా," అన్నాడు, అందరి ముందూ. మైదానం చుట్టూ అయిదు రౌండ్లు పరిగెత్తించాను. నవ్వుతూనే పరిగెత్తాడు వెధవ.

నాలుగింటికి లేవడం. అయిదుంపావుకి గాల్లోకి. తలుపు తీసే ఉంటుంది. గాలి మొహమ్మీద కొడుతుంది, పళ్లమధ్య ఇసుక. హెలికాప్టర్ ముందుకు పోతుంటే దాంతోపాటు తూటా కూడా ముందుకు జరుగుతుంది. అందుకని గురి కాస్త వెనక్కి పెట్టాలి. చెప్పడం తేలికే, చెయ్యే మాట వినదు. సింహాచలం చెయ్యి నాలుగో రోజుకే వింది.

పరీక్షకు ముందురోజు పక్క స్థావరం నుంచి లేచిన హెలికాప్టర్ ఒకటి తిరిగి రాలేదు. అందులోని గన్నర్‌కు పోయినేడాది తర్ఫీదిచ్చింది నేనే. ఆ సాయంత్రం ఆరింటికి నాకు ఫోనొచ్చింది. సింహాచలం వాళ్లమ్మ. మనవైపు ఆయన ఉన్నాడు, బెంగపడకమ్మా అని కొడుకే నా నంబరు ఇచ్చాడట.

"తమ్ముడూ, ఆడి అయ్య పోయి రెండేల్లు. నాకింకెవులున్నారు? ఆడ్ని గాల్లోకి ఎక్కించీకు. నేలమీదుంటే సాలు."

"అది నా సేతిలో లేదప్పా."

"నీ సేతిలోనే ఉన్నాదని ఆడే సెప్పాడు."

పొద్దున్నే పరీక్ష. ఇసుకలో తెల్లగుడ్డ తెర కట్టాం. నలుగురేసి ఒకే తెరను కాలుస్తారు. ఎవరి దెబ్బలు ఎవరివో తెలియడానికి తూటాల మొనలకు రంగు పూస్తాం. సింహాచలానిది నీలం. ఒక్కొక్కరికి నలభై తూటాలు. తెర దగ్గర నిలబడి నేనే లెక్కపెట్టాను. నీలం రంధ్రాలు ముప్పై ఒకటి. అందరికంటే ఎక్కువ.

పదకొండు అని రాశాను.

"సింహాచలం, పదకొండు. కింద డ్యూటీ."

"సార్, ఓసారి మళ్లీ..."

"నా లెక్క తప్పా?"

"కాదు సార్."

తప్పినవాళ్లు తెర చిల్లులు కుట్టాలి, అదీ అక్కడి పద్ధతి. సాయంత్రం నాలుగింటికి సింహాచలం నా గుడారానికి వచ్చాడు.

"మావా, తెర కుట్టీసినాను. నీలం సిల్లులు ముప్పయ్యొక్కటి ఉన్నాయి."

నేను మార్కుల జాబితా మడిచి అట్ట కింద పెట్టాను. అది చూశాడు.

"నేదులే, ఎండకి పొరపాటు పడుంటారు," అని సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు. జాబితా పైకి వెళ్లేది ఆరింటికి. దిద్దడానికి రెండు గంటలుంది. దిద్దలేదు. బతికుంటాడు చాలు, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకున్నాను.

పరీక్ష అయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒకటీ యాభైకి డ్రోన్ వచ్చింది. రేడియోలో కాపలావాడి గొంతు.

"మందుగుండు షెడ్డు మీద పడింది. లోపల ఇద్దరున్నారు."

"ఎవరు?"

"ఒకడు మీ పొందూరు వాడే సార్."

నేను గాల్లోకి పంపిన ఆరుగురూ క్షేమంగా తిరిగొచ్చారు.

కాల్పులు ఆగాక ఉద్యోగం వదిలేశాను. రైలు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా పొందూరు బస్సెక్కాను. వాకిట్లో ఆమె వడ్లు ఎండబోస్తోంది. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నెమ్మదిగా అడిగింది.

"పరీచ్చ తప్పాడనే కింద ఉంచీసినారని అందరూ అంటన్నారు తమ్ముడూ. నిజం సెప్పు. మావోడు అంత సేతకానోడేటి?"

అవునంటే వాడి పరువు పోతుంది. కాదంటే, మరెందుకు కింద ఉంచానో తెలిసి ఈమె గుండె పగులుతుంది. రైల్లో రెండు రాత్రులు ఇదే ఆలోచించాను. తీరా ఆమె ఎదురుగా కూర్చున్నాక, వాడి గురించి ఇంకో అబద్ధం నోటికి రాలేదు.

"అందరికంటె బాగా కాల్సినోడు ఆడేనప్పా."

ఆమె మొహం విప్పారింది. గోడవైపు తిరిగి, చెయ్యెత్తి పక్కింటావిడను కేకేసింది.

"ఒసే అప్పలనర్సా, ఇన్నావా! మావోడే అందరికంటె..."

అక్కడ ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మెల్లగా నావైపు తిరిగింది. ఎన్నో శవాలు మోశాను, వాటిని మరిచిపోగలను. ఆ మొహాన్ని మరిచిపోలేను. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "ఏటే, మీవోడేటి?" అని అడుగుతూనే ఉంది.