పలక అడుగున పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో చేతికి పని దొరకడమంటే, దేవుడు మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టే అనుకునేదాన్ని. బడికి పోకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని. పందొమ్మిదేళ్లొచ్చినా ఒక్క సర్టిఫికెట్టూ లేదు. నాంపల్లిలో మా మేనమామకు పెళ్లి మండపాల కోసం థర్మోకోల్ హంసలూ స్తంభాలూ చెక్కే కార్ఖానా ఉండేది. "నెల రోజులు చూస్త. చేతగాకుంటే ఇంట్ల కూసో," అని చేర్చుకున్నాడు. ఆ నెల చివరి వారంలో వచ్చాడు విశాఖ అబ్బాయి. ఉద్యోగం ఆబిడ్స్‌లో, మనసు సముద్రం మీద. అలల మీద నిలబడి జారడానికి మనిషికంటే పొడుగైన సర్ఫ్‌బోర్డు చెక్కి ఇమ్మన్నాడు. అసలు పనంతా అడుగునేనట: ముక్కు దగ్గర చదును, నడుమ ఆరు మిల్లీమీటర్ల పల్లం, తోక దగ్గర మళ్లీ చదును. ఆ పల్లంలో నీళ్లు పరుగెత్తి పలకను లేపుతాయట. "మా హంసల ఎనక దిక్కు ఎవ్వడు చూడడు తమ్మీ," అన్నాడు మామ, "నీదేమో మొత్తం ఎనక దిక్కే పనాయె." ఆ పని నాకు అప్పజెప్పాడు.

మూడు రోజులు శాండ్‌పేపర్‌తో రుద్దాను. భుజాలు పట్టేశాయిగాని పల్లం కుదిరింది. ఆ సంతోషంలో, నడుమకు కాస్త ఎడమగా తడి కుంకుమతో బొట్టు పెట్టాను. (కాళ్లు పెట్టే పైవైపు పెడితే పాపమని అడుగున పెట్టాను. అంత దూరం ఆలోచించిన బుద్ధికి, పలక తెల్లగానే ఉండాలని ఆ అబ్బాయి చెప్పింది గుర్తురాలేదు.) అది గుర్తొచ్చి తడిగుడ్డతో తుడిస్తే, కుంకుమ థర్మోకోల్ గింజల సందుల్లోకి దిగి రూపాయి బిళ్లంత అయింది. రుద్దాను. ఎరుపు పోయింది, గుంట పడింది. దానికి సమంగా కుడివైపు రుద్దితే, కుడి ఎక్కువైంది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. మామ తొంగిచూసి, "ఏందే, పలక చెక్కుతున్నవా, దొన్నె చేస్తున్నవా?" అన్నాడు.

సాయంత్రం అబ్బాయి వచ్చి స్కేలు అడ్డంగా పెట్టి కొలిచాడు. తొమ్మిది మిల్లీమీటర్లు. "థర్మోకోలే జర మెత్తగ ఒచ్చింది తమ్మీ," అని మామ నన్ను కాయబోయాడు. నా పని ఆ మాట మీదే నిలబడుతుందని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. "కాదన్నా. నేనే బొట్టు పెట్టిన, నేనే చెరపబోయి లోతు జేసిన."

అతను రెండు పక్కలా మళ్లీ మళ్లీ కొలిచి, "రెండువైపులా ఒకేలా ఉందండీ. లోతెక్కువైతే నేనే అలవాటు పడతాను, ఒక పక్కకి ఒరిగితేనే పడిపోతాను," అని పలక ఎత్తుకున్నాడు.

అతను వెళ్లాక, "రేపు రావాల్నా మామా?" అని అడిగాను.

"రాకుంటే గీ తెల్ల కుప్పంత ఎవరు ఊడుస్తరు?" అన్నాడు మామ.

ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను, స్వామి దయ. సాయంత్రానికి మణికట్టు మొరాయిస్తుంది. ఆ పలక అల మీద ఎలా నడిచిందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. పని పోతుందని తెలిసీ నిజం చెప్పేసిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఇవాళైతే ముందు నలుగురిని సలహా అడిగేదాన్ని. ఆ ధైర్యం ఇంకొక్కసారి ఇమ్మని స్వామిని అడగాలనే రోజూ దీపం ముందు కూర్చుంటాను. ఇచ్చినవాటికి దండాలు పెట్టడం పూర్తయ్యేలోపే కునుకు పట్టేస్తుంది.