ఆనపగింజల పిడక

మా అత్తయ్యగారికి వంట పెరట్లో మొదలవుతుంది. నాకు ఫ్రిజ్‌లో మొదలయ్యేది. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆదివారం కూరలు కొని, డబ్బాల్లో సర్ది, శనివారం దాకా లాక్కొచ్చేదాన్ని. రిటైరై కడియం పక్కనున్న మా అత్తవారి ఊరికి వచ్చాక ఆ పద్ధతి వారం రోజులు కూడా నిలవలేదు.

ఎనభై దాటిన అత్తయ్యగారు నన్ను పొయ్యి మీద మూకుడు పెట్టమని, అప్పుడు చాకు పట్టుకుని పెరట్లోకి వెళ్తారు. "పోపు వేగేలోపు వచ్చేస్తాను" అంటారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఏం కూరో తెలియకుండా పోపు వెయ్యడమేమిటి? అడిగితే, "నాకేం తెలుసమ్మాయ్, పాదునడగాలి" అనేవారు.

పాదు చెప్పేదే వేరు. గోరు ఆనిస్తే దిగిపోయే లేత ఆనపకాయైతే పాలు పోసి కూర. నాలుగు రోజులు ముదిరితే పులుసు. తొక్కు పచ్చడికి, చివుళ్లు పప్పులోకి. ముప్ఫై ఏళ్లకు పైగా వండాను గానీ, కూరగాయకి వయసుంటుందని, ఆ వయసును బట్టి వంట మారాలని నాకు ఆ పెరట్లోనే తెలిసింది.

ఆ ఆనపకాయ బజారులో దొరికే రకం కాదు. మెడ సన్నగా, ఒంటి మీద తెల్లటి చారలతో ఉంటుంది. అత్తయ్యగారు కాపురానికి వచ్చినప్పుడు వాళ్లమ్మగారు కొంగున కట్టి పంపిన గింజలట. ఏటా ఒక కాయకి ఎర్రగుడ్డ పీలిక కట్టి విత్తనానికి వదిలేస్తారు. ఎంత నోరూరినా దాన్ని కొయ్యకూడదు. ఆ ఇంట్లో నాకు పెట్టిన ఆంక్ష అదొక్కటే.

నాకు నచ్చని సంగతి ఒకటుండేది. అడిగినవాళ్లకల్లా విత్తనాలు పంచేసేవారు. గోదావరి గట్టు నుంచి చేపలు తెచ్చే ఆవిడకైతే గంప దించగానే ముందు గింజల పొట్లమే. "ఊరంతటికీ ఇచ్చేస్తే మనకేం మిగులుతుందండీ?" అని ఓసారి ఆవిడ ముందే అనేశాను. చేపలావిడ పొట్లం పట్టుకుని నా మొహం కేసి చూసింది. అత్తయ్యగారు ఏమీ వినపడనట్టు చేపలు ఏరుకున్నారు.

నేను ఆ ఊరికి వచ్చాక మొదటి రథసప్తమి. తులసికోట ముందు పిడకల మీద పరమాన్నం వండాలి. అత్తయ్యగారు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానానికి వెళ్లారు. బజారు నుంచి తెచ్చిన పిడకలు మంచుకి మెత్తబడిపోయి, పొగే గానీ మంట లేదు. ఒకపక్క సూర్యుడు పైకి వచ్చేస్తున్నాడు, పాలు ఇంకా పొంగలేదు. చూస్తే పెరటిగోడకి ఒక పిడక ఉంది. గుండ్రంగా, ఐదు వేళ్ల ముద్రతో, చక్కగా ఎండి ఉంది. ఇంత మంచి పిడక ఇంట్లో పెట్టుకుని బజారుకి ఎందుకు వెళ్లానా అని నన్ను నేను తిట్టుకుంటూ, ఊడదీసి, విరిచి పొయ్యిలో పెట్టాను.

నిమిషం తర్వాత పొయ్యిలో టపటపా పేలింది. వెంటనే వేగిన గింజల వాసన. పుల్లతో కెలికి చూస్తే నల్లగా మాడిన ఆనపగింజలు. పురుగు పట్టకుండా విత్తనాన్ని పేడలో కలిపి గోడకి కొడతారని నాకు తెలియదు. ఆ ఏటి విత్తనం మొత్తం అందులోనే ఉంది. మా పాదు కాపు ఉడిగిపోయింది, విత్తనానికి ముదిరే కాయ ఇంక లేదు.

"ఏంటమ్మాయ్ ఆ చప్పుడు?" అని స్నానాలగదిలోంచి అడిగారు.

"పిడక చెమ్మగా ఉందండి" అన్నాను.

అరవై ఏళ్లు వచ్చినదాన్ని, చిన్నపిల్లలా అబద్ధమాడాను. పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం పెట్టాం. అత్తయ్యగారు తిని, బాగుందన్నారు.

కడియంలో దొరకని మొక్కుంటుందా అన్న ధైర్యంతో మర్నాడే బయల్దేరాను. దేశమంతటికీ లారీల్లో మొక్కలెక్కించే ఊరది. నర్సరీలో ఉన్నాయన నా వర్ణనంతా ఓపిగ్గా విని, "అమ్మగారండి, గులాబీలు అడగండి, తాటిచెట్టంత క్రోటన్లు అడగండి, ఇస్తానండి. మీ అత్తగారింటి ఆనపకాయ నాదగ్గరెందుకు ఉంటుందండి?" అన్నాడు. నిజమే కదా. కంపెనీ విత్తనాల పొట్లం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఇవే పిడకలో పెట్టి గోడకి కొట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి పొట్లం అక్కడే పెట్టేశాను.

గోడ మీద పిడక ఊడిన చోట గుండ్రటి మచ్చ మిగిలింది. అత్తయ్యగారు రోజూ దాని ముందునుంచే పాదుల దగ్గరకు వెళ్లేవారు. అడిగితే చెప్పేద్దామని కూర్చున్నాను. ఆవిడ అడగలేదు.

చివరికి వీధి మలుపులో చేపలావిడ కోసం కాపు కాశాను. ఏ నోటితో ఇవ్వొద్దన్నానో ఆ నోటితోనే అడగాలి. జరిగింది చెప్పి, "మీ దగ్గరేమైనా మిగిలాయా?" అన్నాను.

"అయ్యో, మిగలడమేంటండి! వరద తీశాక పెట్టానండి, మా పాక మీద ఇంకా కాస్తానే ఉందండి. అది పెద్దమ్మగారి విత్తనమే కదండి" అంది. నేను అన్న మాట ఆవిడ మరిచిపోయి ఉండదు. ఎత్తలేదు, అంతే. మర్నాడు గంపలో చేపల మీద ఆకులు పరిచి ఒక లేతకాయ తెచ్చింది. ఇంకో కాయకి గుడ్డ కట్టి వదిలానని చెప్పింది. గుప్పెడు ఎండు రొయ్యలు కూడా కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఆ రోజు అత్తయ్యగారిని వంటింట్లోకి రానివ్వలేదు. రొయ్యలు వేయించి, ఆనపకాయ ముక్కలేసి, నీళ్లు పొయ్యకుండా మూతపెట్టి మగ్గించాను. ఆవిడ మొదటి ముద్ద తిని ఆగారు.

"ఇది మన కాయే. మన పెరట్లోది కాదు."

"ఎలా తెలిసిందండీ?"

"ఇసకలో కాసిన కాయమ్మాయ్. నీరు తక్కువ, తీపెక్కువ." ఇంకో ముద్ద కలుపుకుంటూ అన్నారు, "ఆ వేళ పొయ్యిలో పేలింది చెమ్మకి కాదని నాకు తెలుసులే."

నాకు ఏడుపొచ్చేసింది. "మరి అడగలేదేమండీ?"

"పండగపూట అడిగితే ఏడుస్తావు. తర్వాత అడుగుదామంటే నాకేడుపొచ్చేది. మా అమ్మ చేత్తో ఇచ్చినవాటిలో మిగిలినవి అవేగా." కంచంలో మిగిలింది తుడుచుకుని తిన్నారు. తర్వాత, "కూర బాగా మగ్గించావు. ఇంకాస్త వెయ్యి" అన్నారు.

వైశాఖంలో చేపలావిడ గుడ్డ కట్టిన కాయ తెచ్చింది. ఎండి, ఊపితే గలగలమంటోంది. కాయ పగలగొట్టి, గింజల్లో సగం ఆవిడ కొంగులోనే నేను పోశాను. మిగిలినవి అత్తయ్యగారు పేడలో, బూడిదలో కలిపి ముద్ద చేసి, గోడ దగ్గరకు నన్ను పిలిచారు.

"నువ్వు కొట్టు."

"మీ చెయ్యి మంచిదండీ, మీరే కొట్టండి."

"నా చెయ్యి చూసి కూడా పొయ్యిలో పెట్టావు. నీ చెయ్యైతే పెట్టవు."

నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ పాత మచ్చ మీదే ముద్ద పెట్టి అరచేత్తో అదిమాను. నా ఒత్తిడి చాలలేదేమో, అత్తయ్యగారు నా చేతి మీద తన చెయ్యి వేసి గట్టిగా నొక్కారు.