గుబగుబలాడిన అద్దాల బండి

ఇరవై రెండేళ్లుగా అద్దాలాయన బండి వైపు చూడనివాళ్లు లేరు. చూడటమంటే బండిని చూడటం కాదు. ఆ చిన్న ట్రక్కు వెనక చట్రానికి నిలబెట్టి కట్టిన అద్దాల్లో ఎవరి మొహం వాళ్లు చూసుకునేవాళ్లు. కూడలిలో ఎర్రదీపం పడితే చాలు, పక్కన ఆగిన మోటారుసైకిలువాడు క్రాపు సవరించుకుంటాడు, కారులో పెద్దమనిషి పళ్లు పరీక్షించుకుంటాడు. "ఏం బండయ్యా ఇది!" అన్నవాడు మాత్రం ఒక్కడు లేడు. ఇన్నేళ్లలో దారిలో ఒక్క గాజు పలక పగలనివ్వని మనిషికి ఈ లోటు ముల్లులా గుచ్చుకునేదని భార్యకు కూడా తెలియదు. తెలిస్తే నవ్వుతుందని ఆయన భయం. న్యాయమైన భయమే.

అద్దాలు కోసేదీ, అంచులు అరగదీసేదీ ఆవిడ. మోసేదీ, గోడకు బిగించేదీ ఆయన. దుకాణం ముందు గదిలో, కాపురం వెనక గదిలో. ఆ కాపురానికి ఒక పద్ధతి ఉంది. పెళ్లైన కొత్తలో కిటికీ తెరల రంగు దగ్గర మొదలైన వాదన మూడు రోజులు సాగి, నాలుగో రోజు ఒప్పందానికి వచ్చింది. జంటగా ఉండే వస్తువు ఏదైనా సరే, ఒకటి ఆయన ఎంచుకోవాలి, రెండోది ఆవిడ. ఒకరి ఎంపికలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. అందుకే వాళ్లింట్లో తలుపు నీలం, గుమ్మం ఆకుపచ్చ. కప్పులకు పూలు, సాసర్లకు గళ్లు. ఆయన చొక్కా ఎడ్డెమంటే ప్యాంటు తెడ్డెమంటుంది. చూసినవాళ్లు నవ్వితే నవ్వారు గానీ, పాతికేళ్లలో ఆ ఇంట్లో మళ్లీ గొంతు లేచింది లేదు.

ఆ ఏడాది బండి ఇంజను కాలం చేసింది. ఆవిడ తమ్ముడు మెకానిక్కు. పాత బండ్లు విప్పి అమ్మేచోట గాలించి, అంతకంటే పెద్ద ఇంజన్నూ, దానికి తగ్గ ఆటోమేటిక్ గేర్‌బాక్సునూ తెచ్చి తన షెడ్డులో దించాడు.

"ఇంజను గుండ్రాయిలా ఉంది బావా. రెండు సామాన్లు కొత్తవి కావాలి, అంతే. క్యామ్‌షాఫ్టు అరిగింది, టార్క్ కన్వర్టరు మాడింది."

"మాకు తెలిసే భాషలో చెప్పరా," అంది అక్క.

"క్యామ్‌షాఫ్టంటే, ఇంజను ఎప్పుడు ఊపిరి పీల్చాలో ఎప్పుడు వదలాలో చెప్పే కడ్డీ అక్కా. కన్వర్టరంటే ఇదుగో, ఈ గుమ్మడికాయ. కడుపునిండా నూనె పోసుకుని ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్యన కూర్చుంటుంది. ఇంజను తోపుని అవతలికి అందించేది ఇదే. రెండూ మొగుడూ పెళ్లాల్లాంటివి. ఒకదాన్ని చూసి ఒకటి తెచ్చుకోవాలి."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"జంటేగా?" అన్నాడు ఆయన.

"జంటే," అంది ఆవిడ.

"అయితే క్యామ్‌షాఫ్టు నాది."

"గుమ్మడికాయ నాకొదిలేయండి."

తమ్ముడు తల పట్టుకున్నాడు. "అక్కా, ఇవి కప్పూ సాసరూ కాదక్కా!"

"మా కాపురంలో నువ్వు దూరకు," అన్నాడు బావ.

సామాన్లు పంపే దుకాణం వేరే ఊళ్లో ఉంది. ఏది కొనాలన్నా ముందు బండి వివరాలతో ఒక కాగితం నింపి పంపాలి. ఆయన తన కాగితాన్ని పరీక్షలో పిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని నింపాడు. దానికో కారణం ఉంది. నెల కిందట పెట్రోలు బంకులో ఒక బండి ఆగి ఉండగా దాని ఇంజను గుబ గుబ గుబ అని గుండెలదిరేలా కొట్టుకుంటుంటే, బంకంతా తల తిప్పి చూడటం ఆయన కళ్లారా చూశాడు. ఇక నిద్ర పడితే ఒట్టు. 'బండి ఏం మోస్తుంది?' అన్నచోట 'ఏమీ మోయదు' అని రాశాడు. 'ఎంత వేగం?' అంటే 'చెప్పలేనంత.' 'ఆగి ఉన్నప్పుడు చప్పుడు ఎలా ఉండాలి?' అంటే 'గుబగుబ' అని రాసి, చాలదేమోనని కింద రెండు గీతలు గీశాడు.

అదే సమయానికి ముందు గదిలో కోత బల్ల మీద ఆవిడ తన కాగితం నింపింది. 'గాజు మోస్తుంది. నిండుగా. మనిషి నడకలా పోవాలి. కుదుపు ఉండకూడదు.'

వారం తిరిగేసరికి రెండు పెట్టెలు వచ్చాయి. తమ్ముడు విప్పి, రెండు సామాన్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"బావా, ఈ కడ్డీ పందెం బండిది. ఇంజను పరుగెత్తితేనే దీనికి బలం, నిలబడితే నీరసం. అక్క తెప్పించిన గుమ్మడికాయేమో బరువులాగే బండిది. ఇంజను నిలబడి ఉన్నా చక్రాల్ని పట్టుకుని వదలదు. ఈ రెండిటికీ పొసగదు."

"పాతికేళ్ల నుంచి మాకు పొసగట్లేదా? బిగించు."

బిగించాడు. తాళంచెవి తిప్పగానే షెడ్డు రేకులు గజగజలాడాయి. ఎదురింటి టైలరు మెడలో టేపుతో బయటికొచ్చి, "ఏం బండయ్యా ఇది!" అన్నాడు. అద్దాలాయన కళ్లు చెమర్చాయి. అక్కడితో ఆపితే సరిపోయేది. గేరు వేశాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి చచ్చిపోయింది.

"కొత్త కదా, బెదిరింది," అన్నాడు.

డాన్సు బడివాళ్ల ఎనిమిది నిలువుటద్దాలు గురువారం చేర్చాలి. సోమవారం తరగతులు మొదలు. వాటి అంచులు అరగదీయడానికి ఆవిడకు మూడు వారాలు పట్టింది. ఒక్కటి పగిలినా మళ్లీ చేసే వ్యవధి లేదు. ఆ సంగతి ఆవిడ గురువారం పొద్దున్నే బండి ఎక్కేటప్పుడు ఒకసారి చెప్పి, తర్వాత నోరు మూసుకుని కూర్చుంది. తిట్టే భార్యతో వేగవచ్చు గానీ, నోరు మూసుకున్న భార్య పక్కన బండి నడపడం అంత సులువు కాదు.

మొదటి కూడలిలో బ్రేకు మీద కాలేయగానే ఇంజను ఆగింది. మళ్లీ లేపి, గేరు తప్పించి, రొప్పించి, దీపం పచ్చబడ్డాక గేరు వేస్తే బండి ఎగిరి దూకింది. తాళ్లు కిర్రుమన్నాయి. రెండో కూడలిలోనూ అదే వరస. అద్దాల్లో వీధి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. వెనక ఆగిన కుర్రాడు దువ్వెన తీసి, అద్దంలో తన చెయ్యి వణకడం చూసి కంగారుపడి జేబులో పెట్టేసుకున్నాడు. మూడో కూడలి దాటాక వెనక నుంచి 'టిక్' మని చిన్న చప్పుడు.

ఆయన బండి పక్కకు తీసి, దిగి, వెనక్కి పరుగెత్తాడు. చివరి అద్దం కింద ఉండాల్సిన రబ్బరు దిండు జారి రోడ్డు మీద పడుంది. గాజు మూల ఉత్త ఇనుము మీద ఆని ఉంది. ఇంకొక్క కుదుపు తగిలితే అయిపోయేదే. వేలితో తడిమి చూశాడు. పెచ్చు ఊడలేదు. దిండు తీసి మళ్లీ దాని కింద పెట్టాడు.

ఆవిడ దిగి వచ్చింది. "ఏమండీ, కాగితంలో ఏం రాశారు?"

"ఏం రాస్తాం... బండి గురించే."

"ఏం మోస్తుందని రాశారు?"

"...ఏమీ మోయదని."

"మరి ఇవి?"

ఆయన బంకు సంగతి మొదలుకొని గుబగుబ కింద గీసిన రెండు గీతల దాకా మొత్తం కక్కేశాడు. ఆవిడ గబుక్కున మొహం అవతలికి తిప్పేసుకుంది. నవ్వు దాచుకుందామని పాపం. తిప్పింది అద్దం వైపని గుర్తులేదు. పొట్ట పట్టుకుని నవ్వుతున్న పెళ్లాన్ని ఆయన అద్దంలో నిలువెత్తున చూశాడు.

అక్కడి నుంచే దుకాణానికి ఫోను చేశాడు.

"ఆఁ, గుర్తున్నారండీ!" అన్నాడు దుకాణదారు. "గాజు బండి ఎలా ఉంది? మీ పందెం బండి ఎలా ఉంది?"

"రెండూ ఒకటే బండండీ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఎవరండీ ఆ తెలివైనవాళ్లు?"

"మేమేనండి. ఇద్దరం. మా ఆవిడ రాసిన కాగితం చూసి, దానికి సరిపడే క్యామ్‌షాఫ్టు పంపండి."

"మరి గుబగుబ?"

"వద్దులెండి."

దీపాల్లేని సందుల్లోంచి బండిని నత్తలా వెనక్కి నడిపాడు. అద్దాల మీద చెయ్యి ఆనించి ఆవిడ పక్కనే నడిచింది. శనివారం కొత్త కడ్డీ వచ్చింది. ఆదివారమంతా తమ్ముడు రేడియేటరు విప్పుతూ ఒక దెప్పు, బోల్టు బిగిస్తూ ఒక దెప్పు పొడిచాడు. "బావా, ఈసారి ఇంజను చప్పుడు నువ్వే నోటితో చేసుకో." బావ రెంచీ అందించాడు.

సోమవారం పొద్దున్నే బయల్దేరారు. మొదటి కూడలి దాటింది, రెండోది దాటింది, మూడోదీ దాటింది. తాళ్లు కిర్రుమనలేదు. డాన్సు బడి ముందున్న ఆఖరి కూడలిలో ఎర్రదీపం పడింది. బండి ఆగింది. కిందనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ ఆగిపోయిందనుకున్నాడు అద్దాలాయన. గేరు తప్పించి, గబగబా తాళంచెవి తిప్పాడు. నడుస్తున్న ఇంజను పళ్లు పటపట కొరికి కీచుమని అరిచింది.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "బతికే ఉందండీ."

"తెలుసులే. పలకరించాను."

దీపం పచ్చబడింది. ఎనిమిది అద్దాలూ కిమ్మనకుండా మలుపు తిరిగి డాన్సు బడి గేటులోకి వెళ్లాయి.