కనపడిందా అని అడగనిదే కదలని ఖలీల్ అన్న

నిన్న పొద్దున ఆఫీస్ బస్‌లో ఉన్నాను. ఖలీల్ అన్న రూమ్మేట్ ఫోన్ చేసి "భాయ్ ఉఠ్ నహీ రహా" అని ఏడుస్తున్నాడు.

నాకు అర్థం కాలేదు. లేవకపోతే లేపరా బాబూ అన్నాను.

తెల్లవారుజామున ఫజర్ నమాజ్ చేసుకుని మళ్లీ పడుకున్నాడట. నిద్రలోనే హార్ట్ ఎటాక్.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న సాయంత్రమే ఇక్కడ దుబాయ్ సత్వాలో కలిసి కడక్ చాయ్ తాగాం.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఖలీల్ అన్నది కడప. దుబాయ్‌లో మా టీమ్‌కి సీనియర్ డెవలపర్. క్లినిక్‌లలో నర్సులు వాడే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ మాది. నాకు పని నేర్పింది ఆయనే.

మా పనిలో ఒక చిన్న సంగతి ఉంది. స్క్రీన్ మీద దాచిపెట్టిన బాక్స్ బయటికి రాగానే ప్రోగ్రామ్‌కి కబురొస్తుంది. విజిబుల్ ఛేంజ్డ్ అంటారు. ఆ కబురు వస్తే చాలు, బాక్స్ కనపడినట్టే లెక్క. మేమంతా ఖలాస్ అనేసి ఇంటికెళ్లిపోతాం.

అన్న వెళ్లడు.

పేషెంట్‌కి ఏదైనా మందు పడకపోతే ఎర్రటి వార్నింగ్ బాక్స్ వచ్చేలా ఒకసారి ఆయనే రాశాడు. టెస్టింగ్‌లో బ్రహ్మాండంగా వచ్చింది. కబురూ వచ్చింది. మా ముదీర్, అదే మేనేజర్ కూడా ఓకే అన్నాడు.

అయినా ఈయన నన్ను వెంటేసుకుని క్లినిక్‌కి పోయి, ఒక సిస్టర్ వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమెది అమలాపురం. పేషెంట్ పేరు కొట్టింది, ఇంజెక్షన్ తేవడానికి లేచింది.

"సిస్టర్, ఎర్ర బాక్స్ కనపడిందా?" అన్నాడు అన్న.

"బాక్సా? కింద ఎర్రగా గీతలా ఏదో వస్తందండి. మానిటర్ పాడైందనుకున్నానండి."

పాత చిన్న మానిటర్ అది. బాక్స్ అంతా స్క్రీన్ అడుక్కి జారిపోయి, పై అంచు ఒక్కటే మిగిలింది. ప్రోగ్రామ్ దృష్టిలో మాత్రం అది విజిబులే.

ఆ పేషెంట్‌కి ఆ ఇంజెక్షన్ పడదని రాసి ఉంది అందులో.

అన్న వెంటనే ఆ ఇంజెక్షన్ ఆపించాడు. ఆఫీస్‌కి రాగానే బాక్స్‌ని పైకి తెచ్చాడు. సిస్టర్ "చూశాను" అని నొక్కితే తప్ప ముందుకు పోకుండా చేశాడు. నా మిషన్‌లో బాగానే కనపడుతోంది కదన్నా అంటే నా మీద లేచాడు.

"నీ మిషన్‌లో కనపడితే ఏం లాభంప్పా? వాడే మనిషికి కనపడాల."

అప్పట్నుంచి ప్రతిదానికీ ఇదే గోల. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, వెంటనే ఫోన్ చేసి చూశావా అంటాడు. బ్లూ టిక్ పడింది కదన్నా అంటే, "టిక్కు చెప్తే కాదుప్పా, నువ్వు చెప్పు" అంటాడు. ఎంత ఆటపట్టించేవాళ్లమో. ఒక్కోసారి నిజంగానే చిరాకొచ్చేది.

ఈరోజు ఇక్కడే అల్ కుసైస్‌లో జనాజా, అంత్యక్రియలు. వదిన కడపలో ఉంది. వీసా చూసుకుని వచ్చేంత టైం లేదు. చివరిసారి ముఖం చూపించండి చాలు అంది.

స్నానం చేయించి కఫన్ గుడ్డ కట్టాక, వీడియో కాల్ కలిపి ఫోన్ నేనే పట్టుకున్నాను. నా ఫోన్‌లో అన్న ముఖం స్పష్టంగా ఉంది. అటు నుంచి మాట లేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను. వెనక నుంచి త్వరగా కానివ్వమని యల్లా, యల్లా అంటున్నారు. ఎవరో ముఖం కప్పబోయారు.

అన్న అలవాటే నా నోటికొచ్చింది.

"వదినా, అన్న కనిపిస్తున్నడా?"

"లేదు తమ్ముడూ. అంతా నల్లగా ఉండాది. నీకు కనపడతాంది గదా అని నేనేం అడగల్యా."

ఆగండి ఆగండి అని అందర్నీ బతిమాలాను. వైఫై తీసేసి, నా డేటా మీద కలిపాను. మళ్లీ నలుపే అంది. కట్ చేసి మళ్లీ కలిపాను.

"వచ్చినాడు" అంది వదిన. "కనపడతాండాడు."

ఆమె చాలు అనేదాకా ఎవర్నీ ముఖం కప్పనివ్వలేదు.

అన్నా, వదిన నిన్ను చూసింది. టిక్కు చెప్పలేదు, తనే చెప్పింది.

ఇంక నిశ్చింతగా పడుకో. ఆ అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.