బరువు వచ్చింది, బలం రాలేదు

జహీరాబాద్ స్టేషన్‌లో గూడ్సు బండికి కందుల బస్తాలు ఎక్కించే హమాలీని నేను. పేరు ఎల్లయ్య. ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ రోజు పొద్దున ఇద్దరు మనుషులు బస్తా ఎత్తి నా వీపు మీద పెట్టారు. రోజూ మోసే బరువే. నాలుగు అడుగులు వేశానో లేదో బస్తాతో సహా కూలబడ్డాను. "ఏందిరా, పొద్దుగాల్నే కల్లు పడ్డదా?" అని తోటివాళ్లు నవ్వారు. నా ఒళ్లు ముట్టుకున్న మేస్త్రీ ఇస్మాయిల్ భాయ్ మాత్రం నవ్వలేదు. "అరే, పెనం లెక్క కాలుతున్నది. దవాఖానకు నడువ్" అన్నాడు.

దవాఖానలో డాక్టర్ సాబ్ నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు, రక్తం తీసి విడాల్ టెస్టుకు రైల్లో హైదరాబాదు పంపాడు. రిపోర్టు వచ్చాక, "టైఫాయిడ్. బెడ్ రెస్ట్ తప్ప దీనికి ఖాస్ మందు ఇంకా కనిపెట్టలే. చూసుకునే మనిషెవరన్న ఉన్నరా?" అని అడిగాడు. ఉంది, మా అక్క నర్సమ్మ. కలుపు పని మధ్యలో విడిచి ఝరాసంగం నుంచి నడిచి వచ్చింది. మూడు వారాలు జ్వరం దిగలేదు. తడిగుడ్డ మార్చడం, గంజి తాగించడం, నేను విసుక్కుంటే పడడం, అన్నీ ఆమే. ఆమె లేకపోతే ఈ సంగతి చెప్పడానికి నేను మిగిలేవాణ్ని కాదు.

జ్వరం పోయేసరికి నా తొడలు చేతుల్లా అయ్యాయి. కొత్త కందులు వచ్చేదాకా నా చోటు ఉంచుతానని ఇస్మాయిల్ భాయ్ మాటిచ్చాడు. అప్పటికి నిండు బస్తా మోయలేకపోతే వేరే మనిషిని పెట్టుకోక తప్పదు. మోయగలనా? పగలంతా నాకు అదొక్కటే భయం.

మా వైపు టైఫాయిడ్ నుంచి లేచినవాడికి పప్పు పెట్టరు. పెడితే జ్వరం తిరగబెడుతుందంటారు. ఇన్నేళ్లు కందులు మోసినవాడికి కందిపప్పు బంద్! గుడ్డు బంద్, మాంసం బంద్. బదులుగా మెత్తటి అన్నం, రొట్టెలో నెయ్యి బెల్లం వేసి నలిపిన మలీద ముద్దలు. "తిను తమ్మీ, తాకత్ అంత నెయ్యిలనే ఉన్నది" అనేది అక్క. తిండి దగ్గర నాకు సిగ్గు తక్కువ, కాదనలేదు. రెండు నెలల్లో బుగ్గలు వచ్చాయి, పొట్ట వచ్చింది. చూసినవాళ్లంతా కోలుకున్నావన్నారు. స్టేషన్‌కు వెళ్లి సగం బస్తా ఎత్తబోతే లేవలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అక్క మళ్లీ దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టర్ సాబ్ నన్ను కాటా మీద నిలబెట్టాడు. దండచెయ్యి పిసికి చూశాడు, పొట్ట గిల్లి చూశాడు.

"బరువు వచ్చింది, బలం రాలే. ఇది చర్బీ, ఉత్త కొవ్వు, మజిల్ కాదు. ప్రోటీన్ లేకుంటే మజిల్ ఎట్లొస్తది? పప్పు, గుడ్డు, పాలు పెట్టమ్మా."

"జ్వరం మల్లొస్తే ఎట్ల సాబ్?" అని అడిగింది అక్క.

"పేగు మానింది. జ్వరం పప్పుతోటి రాదమ్మా, గలీజు నీళ్లతోటి వస్తది. నీళ్లు కాచి తాపు."

పుట్టినప్పటి నుంచి నమ్మిన మాటను పక్కన పెట్టి ఆ సాయంత్రమే పప్పు ఉడికించింది మా అక్క. చదువుకున్నవాళ్లు కూడా అంత తొందరగా మారగా నేను చూడలేదు.

అయితే అక్క ఏం చేసినా సగం చేయదు. చర్బీ అన్న మాట చెవిన పడింది కదా, నెయ్యి పూర్తిగా మానిపించి, రొట్టె ఒక్కటికి దించింది. గుడ్లు, పప్పు, నానిన శనగలు మాత్రం కొసరి కొసరి పెట్టింది. మూడు వారాలకు పొట్ట తగ్గింది, దానితో పాటు చేతులూ తగ్గాయి. నీరసం, చలి, ఊరికే కోపం. మళ్లీ దవాఖాన.

ఈసారి డాక్టర్ సాబ్ నవ్వాడు. "క్యాలరీలంటే పొయ్యిల కట్టెలమ్మా. ప్రోటీన్ అంటే ఇంటి దూలం. కట్టెలు లేకుంటే దూలమే నరికి పొయ్యిల పెట్టుకోవాలె. నువ్వు రొట్టె తగ్గిస్తివి, వీని ఒళ్లు ఆ గుడ్లను కట్టెల లెక్క కాల్చుకుంటున్నది. రెండూ ఉండాలె. జర జర బరువు కూడ ఎత్తాలె."

ఆ ఒక్క మాట పట్టుకుని అక్క చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నెయ్యి మళ్లీ మొదలుపెట్టి, నా దండకు నల్లదారం కట్టింది. వారానికోసారి దాన్నీ, మొలతాడునూ వేలితో లాగి చూసేది. మొలతాడు బిగుసుకుంటే నెయ్యి తగ్గించేది. దండ దారం వదులైతే ఒక జొన్నరొట్టె, ఒక గరిటె పప్పు పెంచేది. ఏ పూట చూసినా రొట్టె పక్కన పప్పో, గుడ్డో, పెరుగో ఉండాల్సిందే. నీళ్ల బిందెతో మొదలుపెట్టి పావు బస్తా, సగం బస్తా దాకా వచ్చాను. దండ దారం బిగుసుకుని రెండుసార్లు మార్చాం, మొలతాడు మాత్రం అదే. డాక్టర్ సాబ్ చూసి, "అక్కా, ఇట్ల కొలిచే తరీక నాకు కూడ తెల్వదు" అన్నాడు.

కోహీర్ వైపు నుంచి కొత్త కందులు దిగిన రోజు నిండు బస్తా వీపున పెట్టించుకుని గూడ్సు డబ్బాలో దించాను. ఇస్మాయిల్ భాయ్ వెంటనే రెండో బస్తా పెట్టించాడు. అంతకన్నా మెప్పు నాకు అక్కర్లేదు.

అక్కకు చెప్పాలని మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తాను. ఆమె తింటోంది. కంచంలో ఒక్క రొట్టె, ఎండుమిర్చి కారం. పప్పు గిన్నె నా కోసం మూతపెట్టి ఉంది. యుద్ధం రోజులు, సరుకు దొరకని రోజులు. ఇన్ని నెలలుగా ఆమె ఏం తింటోందో నేను ఒక్కసారి అడగలేదు, చూడలేదు. మెడ ఎముకలు పొడుచుకొచ్చాయి.

"ఇదేందక్కా?" అన్నాను.

"నాకేందిరా, నేనేమన్న బస్తాలెత్తుతన్ననా?" అంది నవ్వుతూ.

సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు అక్క నా దగ్గరే ఉంటోంది. నేను రోజూ బస్తాలు మోస్తున్నాను. మా ఇంట్లో రోజూ ఒకటే పోట్లాట, ముందు ఎవరు తినాలని. జబ్బు నుంచి లేచి కండ పెంచుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. రొట్టె, పప్పు రెండూ తినండి. కానీ మీకు వడ్డించే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ముందు ఆమె కంచంలో పప్పు వేయండి. ఆమె తినడం కళ్లారా చూశాకే మీ ముద్ద ముట్టండి.